మామ్మకి ముక్కుగా ఉన్న రోజులు

మా ఆయన లెక్కలో ఈ లోకంలో ఉన్నవి రెండే వాసనలు. ఒకటి మంచిగున్నది, రెండోది మంచిగ లేదు. మల్లెపూలు, ఇంగువ తాలింపు, కొత్త కారు సీటు, చంటిపిల్ల తల, అన్నీ మొదటి దాంట్లోకే వస్తాయి. రెండో దాంట్లోకి నాకు తెలిసి ఒక్కటే వచ్చింది, సియాటిల్ పక్కన బాతెల్‌లో మా ఇంటి డెక్ కింద రకూన్ చచ్చిపడి ఉన్నప్పుడు. డేవిడ్‌ది కరీంనగర్ వైపు, నాది గోదావరి డెల్టా. సియాటిల్‌లో ఉద్యోగాలకొచ్చిన కొత్తలో ఒక తెలుగు చర్చిలో పరిచయమయ్యాం. ఆరాధన అయ్యాక పెట్టే భోజనాల దగ్గర, నేను వండి తెచ్చిన గోంగూర మాంసం తిని ఆయన అన్న మొదటి మాట కూడా అదే, మంచిగున్నది. మెచ్చుకున్నాడని మురిసిపోయాను. తర్వాత చూస్తే పక్కావిడ తెచ్చిన మాడిన బిర్యానీకీ అదే మాట. పెళ్ళయ్యాక ఈయన వాసనల దరిద్రం చూసి నవ్వుకునేదాన్ని. ఇంట్లో ఒకరికి ముక్కుంటే చాలు, ఆ ఒకరూ నేనున్నాను కదా అని ధీమాగా ఉండేదాన్ని.

నాది పేరున్న ముక్కు. నేను రిటైరయ్యేదాకా పనిచేసిన ల్యాబ్‌లో పక్క గదిలో ఏ ఫ్రిజ్ చెడిపోయినా అలారం కంటే ముందు నేనే చెప్పేదాన్ని. వాన రావడానికి ముందు గాలిలో తేడా, పాలు విరగడానికి ముందు గిన్నెలో తేడా, మనిషికి జ్వరం రాబోతుంటే తలలో తేడా, అన్నీ నాకు తెలిసేవి. రెండేళ్ళ కిందట నాకే ఒక జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ వాసనని కూడా పట్టుకుపోయింది. నాలుక మీద ఉప్పూ పులుపూ తీపీ చేదూ కారం మిగిలాయి, అంతే. కాఫీ వేడి చేదునీళ్ళయింది. చేపల పులుసు పుల్లటి మెత్తదనమయింది. డాక్టరు నాలుగు చిన్న సీసాలు ఇచ్చి, పొద్దున్నా సాయంత్రం వాటిని పీల్చమంది. డేవిడ్ ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే నా ముక్కు కింద పెట్టి, "ఇది లవంగం. ఇది నిమ్మకాయ. వస్తున్నదా?" అని అడిగేవారు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆయన మూత బిగించి, రేపు చూద్దాం అనేవారు. వాసన నరం మళ్ళీ చిగురించొచ్చు, చిగురించకపోవచ్చు, బాగా తెలిసిన గట్టి వాసన ఏదైనా ఎదురైతే మాత్రం వదలొద్దు అంది డాక్టరు.

ఇంకో సంగతి ఉంది, డేవిడ్‌కి కూడా చాలాకాలం చెప్పలేదు. వాసన పోయిన మొదటి రోజుల్లో, బయట ఏదీ తగలకపోయినా లోపల అన్నీ ఉండేవి. కళ్ళు మూసుకుని తలుచుకుంటే మా మామ్మ పెరట్లో తేగలు కాల్చడానికి వేసే తంపట వాసన వచ్చేది, అదీ నిజంగానే, నోట్లో నీళ్ళూరేంతగా. రాను రాను అది పలచబడింది. ఈమధ్య ఎంత తలుచుకున్నా మాటలే వస్తున్నాయి. కాలిన తాటాకు, తడి మట్టి, తీపి అని పేర్లు వరసగా చెప్పగలను. వాటి వెనక ఏమీ లేదు. ఉన్న వాసన పోయిందంటే సరే, వయసులో ఏవో పోతుంటాయి. గుర్తున్న వాసన కూడా పోతుంటే మాత్రం భయమేసింది. మామ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది, ఆ ఇల్లు అమ్మేశాం, ఆ పెరడు ఇప్పుడు రొయ్యల చెరువు. ఆ వాసన ఒక్కటే నా దగ్గర ఉండిపోయిన ఆస్తి.

అలాంటప్పుడు డేవిడ్ రిటైరయ్యారు. హవాయి వెళ్దాం, పెద్ద దీవిలో ఒక ముసలావిడ ఇంట్లో గది ఉందట, బుక్ చేశాను అన్నారు. ఆవిడ పేరు నానీ. మా వైపు నాని అంటే చంటిపిల్లలకి పెట్టే ముద్దుపేరు, ఈవిడేమో డెబ్భై దాటిన భారీ మనిషి, జుట్టంతా తెలుపు, చెవి వెనక పువ్వు. పేరు పెట్టి పిలవబోతే వేలు చూపించి ఆంటీ అనమంది. అక్కడ కూడా మన పిల్లల్లాగే పెద్దవాళ్ళందరినీ ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారట. చర్చిలో అందరికీ ఆంటీనైపోయిన నేను, ఇన్నాళ్ళకి ఇంకొకరిని ఆంటీ అని పిలిచే చిన్నదాన్నయ్యాను. చెప్పొద్దూ, హాయిగా ఉంది. మొదటి రోజే ఆవిడ, వచ్చే ఆదివారం మా చర్చిలో ఇము తెరుస్తాం, మీరూ రండి అంది. ఇము అంటే ఏంటని అడిగితే, నేలలో గొయ్యి తవ్వి, రాళ్ళు కాల్చి, ఆకులు పరిచి, పంది మాంసమూ దుంపలూ పెట్టి మట్టి కప్పేస్తాం, మర్నాటికి ఉడికిపోతుంది అని చేతులతో చూపించింది. నేను గట్టిగా "తంపట!" అనేశాను. ఆవిడకి అర్థం కాలేదు. డేవిడ్‌కి కూడా కాలేదు.

మామ్మ అంటే మా నాన్నకి అమ్మ. మా పెంకుటింట్లో పెత్తనమంతా ఆవిడదే. తెల్లచీర, మోచేతుల దాకా రవిక, రొంటిన నస్యం డబ్బీ. పొద్దున లేవగానే ప్రార్థన. ఆ ప్రార్థనలో ఇంట్లోవాళ్ళూ, చుట్టాలూ, పాస్టరుగారూ అయ్యాక గేదెలు కూడా పేరుపేరునా వచ్చేవి. ఆమెన్ అనగానే చెయ్యి రొంటికి పోయేది. రెండు వేళ్ళ మధ్య చిటికెడు పొడి, కుడి ముక్కులో ఒక ఎగపీల్పు, ఎడమ ముక్కులో ఒక ఎగపీల్పు, తర్వాత ఇల్లు అదిరే తుమ్ము. ఆదివారం గుడికి, అంటే మా ఊరి చర్చికి, వెళ్ళేటప్పుడు మాత్రం దేవుడి సన్నిధికి నస్యం తీసుకెళ్ళకూడదని డబ్బీని బయట ప్రహరీ మీద పెట్టి లోపలికొచ్చేది. ప్రసంగం పొడుగైతే చూపు కిటికీలోంచి ఆ ప్రహరీ మీదకి పోతుండేది. ఆవిడ ఎందుకు కదులుతోందో పాస్టరుగారికి తెలుసు, ఊరందరికీ తెలుసు.

అన్నేళ్ళ నస్యంతో మామ్మ ముక్కు మొద్దుబారిపోయింది. ఆ సంగతి ఎవరి ముందూ ఒప్పుకునేది కాదు. వంటింట్లో తనకి వాసన తెలియదంటే కోడళ్ళు పెత్తనం లాగేసుకుంటారని భయమేమో. అందుకని నన్ను పెట్టుకుంది. ఆవిడ పొయ్యి దగ్గర ఉంటే నేను పక్కన పీట మీద. "పప్పు ఎలా ఉందే?" అంటే నేను వాసన చూసి, "అడుగంటబోతోంది మామ్మా" అనాలి. "పాలు?" "ఇంకా పచ్చివాసనే." ఎదురింటి పొగ మా వైపు వస్తే, "వాళ్ళేం వండుతున్నారే?" "చింతచిగురూ ఎండురొయ్యలూ." మామ్మ తల పంకించి, తనకి ముందే తెలిసినట్టు, "ఊఁ, అనుకున్నాను" అనేది. మా పిన్ని ఒకసారి ఏడిపించింది కూడా, "అత్తగారి ముక్కు ఈ పిల్ల మొహానికి అతికించారు" అని. నాకు అదేదో బిరుదులాగా ఉండేది. బళ్ళో లెక్కల్లో సున్నాలు వచ్చినా ఇంట్లో నేను లేకపోతే గడవదు మరి.

డిసెంబరులో తేగలు తవ్వేవారు. తాటిపళ్ళ టెంకల్ని వానాకాలంలో పెరట్లో ఇసక నేలలో పాతరేస్తే, క్రిస్మస్ నాటికి ఒక్కొక్క టెంకలోంచి జానెడు పొడుగు మొలక నేలలోకి దిగి ఉంటుంది. అదే తేగ. వాటిని కడిగి, పాత కుండలో నిలువుగా కూరి, మూతికి ఎండుగడ్డి దట్టించి, కుండని నేల మీద బోర్లించి, అంచు చుట్టూ తడి మట్టి మెత్తేది మామ్మ. సందుల్లో మాపటికి తినడానికని చిలగడదుంపలు కూడా ఇరికించేది, వాటిని అరటాకులో చుట్టి తాటినారతో తనదైన ఒక అడ్డముడి వేసేది. కుండ మీద తాటాకులూ కొబ్బరిమట్టలూ పోగేసి నిప్పు పెట్టేవాళ్ళం. దాన్నే తంపట వెయ్యడం అంటారు మా వైపు. మంట ఆరాక బూడిద కింద కుండ నెమ్మదిగా మగ్గుతూ ఉండేది. గుడి నుంచి తిరిగొచ్చిన వాళ్ళంతా ఎండలో చాపల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూంటే నేనూ మామ్మా మాత్రం కుండ పక్కనే గొంతుకూర్చునే వాళ్ళం. మామ్మ ఒళ్ళో ఖాళీ చేట ఉండేది, తేగలు పోసుకోడానికి.

"ఎలా ఉందే ఇప్పుడు?" అని అడిగేది. నేను బోర్లా పడుకున్నంత పనిచేసి ముక్కు దగ్గరపెట్టి, "మట్టి కాలుతున్న వాసన" అనేదాన్ని. కాసేపటికి మళ్ళీ అడిగేది. "తడిగడ్డి ఉడుకుతోంది." మళ్ళీ. "ఇప్పుడు పచ్చి పోయింది మామ్మా, తీపి వస్తోంది, చెరుకుగానుగ దగ్గరలాగా." అప్పుడు మామ్మ లేచి కుండ దొర్లించేది. ఆవిరి గుప్పుమని వచ్చేది. పిల్లలందరూ ఎగబడేవాళ్ళు. వేడి తేగ ఒలిచి, పీచు లాగి, నిలువునా చీల్చి, మధ్యలో ఉండే సన్నటి లేత మొలక, దాన్ని చందమామ అంటాం, నాకంటే నాకని కొట్టుకునేవాళ్ళు. నేనూ పరిగెత్తబోతే మామ్మ నా జడ పట్టుకుని ఆపేది. "ఇంకా చెప్పవే." "చెప్పా కదా, ఉడికిపోయాయి." "అది కాదే, ఇప్పుడెలా ఉంది?" "బాగుంది మామ్మా, వదులు." "బాగుంది అంటే నాకేం తెలుస్తుందే పిల్లా?" అనేది, జడ వదలకుండా. అక్కడ చందమామలు అయిపోతున్నాయని నా గోల నాది. ఏదో ఒకటి గబగబా చెప్పి తప్పించుకునేదాన్ని. ఉడికిందని తేలిపోయాక కూడా ఈవిడకి ఇంకా ఏం కావాలో నాకు అంతుపట్టేది కాదు.

ఆంటీ నానీ ఇంటి వరండాలో శుక్రవారం మధ్యాహ్నం మాకు పోయ్ పెట్టింది. పోయ్ అంటే చేమదుంపల్ని ఉడకబెట్టి, రాతి పొత్రంతో దంచి, నీళ్ళు కలిపి కాస్త పులవనిచ్చిన ముద్ద. లేత ఊదారంగు, జారుగా, మెరుస్తూ ఉంటుంది. పెద్ద చెక్కగిన్నె మధ్యలో పెట్టి, మూత తీసి, చేత్తోనే తినాలంది. చేత్తో తినడం మనకి కొత్తా? వేళ్ళతో తీసుకుని నాలుక మీద పెట్టుకోగానే నా ప్రాణం లేచొచ్చింది. అచ్చం మామ్మ వేసవిలో పెట్టే తరవాణి అన్నంలో పులుపు. కుండలో గంజి పులియబెట్టి, అందులో అన్నం వేసి, ఉప్పూ ఉల్లిపాయా వేసి పెట్టేది. పులుపు నాకు తెలుస్తుంది, చల్లదనం తెలుస్తుంది, జారుడు తెలుస్తుంది. ముక్కు లేని మనిషి కడుపునిండా తినగలిగిన తిండి రెండేళ్ళలో అదొక్కటే. డేవిడ్ సంచిలోంచి జిప్‌లాక్‌లో దాచి తెచ్చిన మాగాయ తీసి పోయ్‌లో కలుపుకున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆంటీ తనకీ కాస్త వెయ్యమని, తిని, కళ్ళనీళ్ళు వచ్చేలా దగ్గి, మళ్ళీ చెయ్యి చాపింది.

అంతా బాగానే ఉంది, నేనే ఊరుకోలేకపోయాను. "వాసన ఎలా ఉందండీ దీనికి?" అని అడిగాను. "మంచిగున్నది" అన్నారు. "మంచిగున్నది అంటే?" "అంటే ఏంది రత్నా? మంచిగున్నది." "పులిసిన వాసనా, దుంప వాసనా, మట్టి వాసనా? తరవాణిలా ఉందా?" "నాకు తరవాణి తెల్వదు గద." "పోనీ మీకు తెలిసినదేదో చెప్పండి." "తిననియ్యరాదు కొంచెం సేపు!" నాకు తిక్క రేగింది. "బాగుంది, బాగుంది అంటే నాకేం తెలుస్తుందండీ?" అని గట్టిగా అరిచేశాను. వెంటనే ఆంటీ నానీ లేచి, ఒక పళ్ళెం తెచ్చి, పోయ్ గిన్నె మీద బోర్లించింది. మాకు తెలుగులో తిట్టుకునే ధైర్యం, ఎవరికీ అర్థం కాదని. కీచులాటకి భాష అక్కర్లేదని అప్పుడు తెలిసింది.

వాళ్ళ ఆచారం చెప్పింది ఆవిడ. చేమ మొక్క వాళ్ళకి మనిషి కంటే ముందు పుట్టిన పెద్దన్నట. పోయ్ గిన్నె మూత తీసి ఉందంటే ఆ పెద్దన్న వచ్చి మన మధ్య కూర్చున్నట్టేనట, ఆయన ముందు ఎవరూ పోట్లాడుకోకూడదు. "గొడవ ముగించుకోండి, అప్పుడు తెరుస్తాను" అని చేతులు కట్టుకుని కూర్చుంది. డేవిడ్ వేళ్ళకి అంటుకున్న మాగాయ చూసుకుంటున్నారు. నాకు ఆయన మీద కోపం అప్పటికే పోయింది. నా నోట్లోంచి వచ్చిన మాటే చెవుల్లో గింగురుమంటోంది. అది నా మాట కాదు, మామ్మ మాట. జడ పట్టుకుని ఆపి అడిగిన మాట. ఒక్కసారి ఆ ఒళ్ళోని చేట కళ్ళ ముందుకి వచ్చింది. నేను తీపి వాసన అని చెప్పకముందే చేట సిద్ధంగా ఉండేది. బూడిద తెల్లబడిందో లేదో, కుండ మీద నీళ్ళు చిలకరిస్తే ఎలా చిటపటమంటుందో చూసి ఆవిడకి ఎప్పుడు ఉడికేదీ తెలుసు. ఇన్నేళ్ళ వంట చేతికి ఆమాత్రం తెలియదా? ఉడికిందో లేదో తెలుసుకోడానికి ఆవిడకి నేను అక్కర్లేదు. తన ముక్కులోకి ఇక రాని ఆ వాసన కోసం నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నా మాటల్లో దాన్ని పీల్చుకునేది పిచ్చితల్లి.

డేవిడ్ నెమ్మదిగా అన్నారు, "నాకు మాటలు రావు రత్నా. నువ్వు చెప్తుంటివి, నేను ఇంటుంటి. నువ్వు చెప్పినంకనే నాకు వాసన వచ్చేది. ఇన్నేండ్లు గట్లనే నడిచింది. నువ్వు చెప్పుడు బంద్ జేసినవు, నాకు గూడ అంతా ఒక్కతీరుగనే ఉంటున్నది." ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు అనడం నేనెరగను. ఆంటీ నానీ మా మొహాలు చూసి పళ్ళెం తీసేసింది.

శనివారం చర్చి వెనక తోటలో ఇము వేశారు. చిన్న తెల్ల చర్చి, దాని చుట్టూ నల్లటి లావా రాళ్ళ గోడ. గొయ్యిలో కట్టెలు మండి రాళ్ళు ఎర్రగా కాలి ఉన్నాయి. అరటి బోదెల్ని చీల్చి ఆ రాళ్ళ మీద పరుస్తుంటే నీళ్ళు సుయ్యిమంటున్నాయి. వాటి మీద పొడవాటి ఆకులు, ఆకుల మీద పంది, దాని చుట్టూ ఊళ్ళోవాళ్ళు తెచ్చిన పళ్ళేలు, చేమాకుల్లో చుట్టిన మాంసం పొట్లాలు, మా కోనసీమలో కూడా కాసే కూరపనసకాయలు. ఊరికే నిలబడి చూడటం ఉండదక్కడ, తినేవాళ్ళందరూ చెయ్యి వెయ్యాల్సిందే. నేను ఊదారంగు చిలగడదుంపలు అరటాకులో చుట్టి, మామ్మ వేసే అడ్డముడి వేశాను. చేతులకి అది గుర్తుంది. పైన తడి గోనెసంచులు, టార్పాలిన్, ఆ పైన మట్టి. ఒక మూల సన్నగా ఆవిరి కారుతుంటే ఎవరూ చెప్పకుండానే మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులతో మట్టి తీసి టపటపా మెత్తేశాను. మామ్మ దగ్గర అలా ఆవిరి తప్పించుకుంటే వీపు మీద ఒకటి పడేది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వి చప్పట్లు కొట్టారు. ఇంతకంటే గట్టి వాసన, నాకింత బాగా తెలిసిన వాసన మళ్ళీ ఎదురుకాదు. రేపు కూడా రాకపోతే ఇక రాదు అనుకున్నాను. డేవిడ్‌కి ఆ మాట చెప్పాను, తంపట వాసన గుర్తు కూడా చెరిగిపోతోందన్న సంగతీ చెప్పాను. ఆయన నా చేతుల మట్టి దులుపుతూ విన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరం గొయ్యి చుట్టూ చేరాం. ఆ పూట వాళ్ళ భాషలో పాడిన కీర్తనలు ఒక్కటీ నా చెవికెక్కలేదు, మామ్మ కిటికీలోంచి ప్రహరీ చూసినట్టు నేను తోట వైపే చూస్తూ కూర్చున్నాను. మట్టి తీశారు. టార్పాలిన్ లాగారు. గోనెసంచులు ఒక్కొక్కటే ఎత్తుతుంటే తెల్లటి ఆవిరి బుస్సుమని లేచింది. చుట్టూ ఉన్న జనం, ముసలీ ముతకా పిల్లాజెల్లా, అందరూ ఒక్కసారి గుండెనిండా పీల్చి ఆహా అన్నారు. నేనూ కళ్ళు మూసుకుని పీల్చాను. మొహానికి వెచ్చగా తగిలింది. కళ్ళద్దాలు మసకబారాయి. ఇంకోసారి పీల్చాను. వేడిగాలి వచ్చి వెళ్ళింది, అంతే. అంత జనంలో నేనొక్కదాన్నీ బయట ఉండిపోయినట్టు అనిపించి, వెళ్ళి రాళ్ళగోడ మీద కూర్చుని ఏడ్చాను. ఏడవడానికి సిగ్గేం పడలేదు.

డేవిడ్ నా పొట్లం వెతికి పట్టుకొచ్చారు. ముడి గుర్తుపట్టారట. పక్కన కూర్చుని విప్పారు. ఎప్పట్లా నా ముక్కు దగ్గర పెట్టి వస్తున్నదా అని అడుగుతారనుకున్నాను. అడగలేదు. తన ముక్కే దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు అలాగే ఉన్నారు. ఆయన నోరు తెరిచినప్పుడు మంచిగున్నది అనే మాట పెదవుల దాకా రావడం నాకు కనిపించింది. దాన్ని మింగేశారు.

"ముందుగాల మన్ను" అన్నారు. "వాన పడ్డప్పుడు వచ్చేది గాదు. బాయి తవ్వుతుంటే లోపటికెళ్ళి తీస్తరు చూడు, సల్లటి మన్ను, గది. మళ్ళ పొగ. కండ్లు మండే పొగ గాదు. పొయ్యి ఆరినంక గోడకు పట్టుకోని ఉంటది గద, పాత పొగ." ఆగారు. మళ్ళీ వంగి పీల్చారు. "ఆకు ఉన్నది. మోదుగాకు ఇస్తార్ల వేడన్నం ఏస్తే ఒక వాసన లేస్తది, నీకు తెల్వదు, మీ దిక్కు అరటాకులు. అట్లున్నది. ఇగ దుంపల తీపి... తీపి అంటే చక్కెర గాదు. మాడిన తీపి. మా అవ్వ మక్క గటక వండితే కుండ అడుగుకు పట్టేది. ఆ అడుగు వాసన. అవ్వ పొద్దంత పత్తి ఏరి వచ్చి, తడి కట్టెలు ఊదుకుంట వండేది. కొంగుకంత అదే వాసన. నేను ఆ కొంగు కప్పుకోని పండుకునేటోన్ని."

అవ్వ అంటే ఆయన భాషలో అమ్మ. ఆవిడ మా పెళ్ళికి ముందే పోయింది. నాకు తెలిసిన మా అత్తగారు హాల్లో గోడ మీద ఉన్న ఒక ఫొటో. ఆవిడ మొక్కజొన్న రవ్వతో గటక వండేదనీ, పత్తి ఏరేదనీ, ఆవిడ కొంగు ఎలా ఉండేదో ఈయనకి ఇంకా గుర్తుందనీ ఇన్నేళ్ళలో నేను వినలేదు. అడగనూ లేదు, వాసనలు చెప్పడం ఇంట్లో నా వంతు కదా. నా ముక్కులోకి ఏమీ రాలేదు, ఇప్పటికీ రాలేదు. ఆయన చెప్పింది మా తంపట వాసన కూడా కాదు. ఆ చెరుకుగానుగ తీపి నాకు మళ్ళీ దొరకదని ఆ గోడ మీద కూర్చున్నప్పుడే తెలిసిపోయింది. ఆ బెంగ ఉంది, ఉంటుంది. అయినా నేనెప్పుడూ చూడని ఒక వంటింట్లో, నేనెప్పుడూ చూడని ఒక మనిషి తడి కట్టెలు ఊదుతూ కనిపించింది. ఆవిడ పక్కన కూర్చున్నట్టే ఉంది నాకు.

ఆంటీ నానీ మమ్మల్ని బల్ల దగ్గరికి లాక్కెళ్ళింది. పళ్ళేల్లో మాంసం, చేమాకు పొట్లాలు, కూరపనస ముక్కలు వడ్డించి ఉన్నాయి. మధ్యలో పోయ్ గిన్నె, మూత తీసి ఉంది. డేవిడ్ ఒక్కొక్క పళ్ళెం దగ్గరా వంగుతూ నాకు చెప్తున్నారు, తప్పు చెప్తే వెనక్కొచ్చి దిద్దుకుంటున్నారు. ఆవిడ కాసేపు చూసి, అందరూ సగం తినేశారు, మీ ఆయన తినకుండా ఏం మాట్లాడుతున్నాడు, మళ్ళీ పోట్లాటా అని అడిగింది. కాదన్నాను, నాకు వడ్డిస్తున్నారు అన్నాను. ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పోయ్ గిన్నెని మా దగ్గరికి జరిపి, తీరిగ్గా కానివ్వండి అంది.

"ఎక్కడిదాక వచ్చినం?" అన్నారు డేవిడ్. "ఆఁ, గటక. మస్తుండేది రత్నా, మంచిగ..." అని నా మొహం చూసి ఆగిపోయారు. నేను చెయ్యి చాపి ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను, మామ్మ నా జడ పట్టుకున్నట్టు.

"ఇంకా చెప్పండి" అన్నాను.